గేటు రిజిస్టరు

కిసుములో పెద్ద వానలు పట్టుకున్నాయంటే
మా ఐసు ఫ్యాక్టరీ గేటు ముందు ఫైళ్ళు మొలుస్తాయి.
ఇస్త్రీ చొక్కాలు, అరువు బూట్లు,
తడవకుండా ప్లాస్టిక్ కవర్లో కాలేజీ ఉత్తరం.
అటాచ్‌మెంట్ అంటారు దాన్ని.
మూడు నెలలు ఎక్కడో ఒకచోట అతుక్కోవాలి,
లేకపోతే ఇంజనీరన్న మాట పేరుకి అతకదు.

నా పని రాయించడం.
పేరు, వచ్చిన వేళ, వచ్చిన పని.
వెళ్ళిన వేళ గడి నేనే నింపుతాను.
చాలామందికి ఆ రెండు వేళల మధ్య
నాలుగు నిమిషాలు.
ఫోన్‌లో మేనేజర్ ముతీసోది ఒకటే మాట:
ఈమెయిల్ పెట్టమను.

ఏప్రిల్లో ఓ పిల్ల వచ్చి అకోత్ అని రాసింది.
మా లువోల్లో వానలో పుట్టినవాళ్ళకే ఆ పేరు.
జోరువానలో పుట్టావా ఏం, అన్నాను.
"పుట్టినప్పటిది ఇంకా ఆగలేదు" అంది
గొడుగు దులుపుతూ.
మెకానికల్, మూడో ఏడు.
చక్కెర మిల్లువాళ్ళు అనుభవం ఉందా అన్నారట.
దానికోసమే కదండీ వచ్చింది, అందట.
పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గాని పెళ్ళవదు.
కరెంటాఫీసులో, లోపల నీకెవరున్నారు అన్నారట.
మిగతా ఇరవై రెండు ఉత్తరాలకి
అవతలనుంచి ఒక్క తుమ్మైనా వినబడలేదు.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ.
వచ్చిన పని గడిలో మొదట నిండుగా రాసేది,
పారిశ్రామిక శిక్షణ నిమిత్తం, అని.
ఐదోసారికి "అదే" అని రాసింది.
ఏడోసారికి రెండు చిన్న గీతలు పెట్టి ఊరుకుంది.
నేనేం చెయ్యగలను?
నా దగ్గరున్నది ఒక గేటు, ఒక పెన్ను,
పెన్ను పోకుండా కట్టిన దారం.
ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాను.
తాగి, మూత కడిగి ఇచ్చింది.

ఆ గురువారం కంప్రెసర్ ఆగింది.
అమ్మోనియా వాసన గేటు దాకా వచ్చి కళ్ళలో గుచ్చింది.
దుంగా నుంచి చేపల లారీలు వరసకట్టాయి.
బుట్టల మీద తడిగోనెలు కప్పుకుని ఆడవాళ్ళు
ముతీసో ఏడు తరాల్నీ తలుచుకుంటున్నారు.
లోపల్నుంచి ముసలి ఒబురా అరుపు:
కరెంటు కట్టేశారు, కుర్రాడు సెలవులో ఉన్నాడు,
ఎవరైనా వచ్చి టార్చి పట్టండర్రా!
అకోత్ అలవాటుగా పెన్ను తీసింది.
నేను రిజిస్టరు మూసేశాను.
నా గంబూట్లు విప్పి ఇచ్చాను.
రెండు సైజులు పెద్దవి. వేళ్ళ దగ్గర
నిన్నటి పేపరు కుక్కుకుని,
ముక్కుకి గుడ్డ కట్టుకుని పరిగెత్తింది.
మూడు గంటలు ఉత్తి కాళ్ళతో డ్యూటీ చేశాను.

ఆ పిల్లేదో కనిపెట్టిందనీ, మిషను తిప్పేసిందనీ
కథలు చెప్పను. అట్లాంటిదేం జరగలేదు.
ఒకసారి ఏదో అడగబోతే
నోరు మూసుకుని వెలుగు చూపించు, అన్నాడట ఒబురా.
చూపించింది.
మిషను గుండె మళ్ళీ కొట్టుకున్నాక
చేతులు తుడుచుకుంటూ ముతీసోతో ఆయనన్నది ఇంతే:
"నా చెయ్యి వెళ్ళబోయే చోటికి
దీని వెలుగు ముందే వెళ్ళి కూచుంటోంది."
ముతీసో కాసేపు నేలకేసి చూశాడు.
జీతం లేదు, అన్నాడు. బూట్లు నువ్వే తెచ్చుకోవాలి.
ఆమె కాళ్ళు చూసి నావైపు తిరిగాడు.
నేను మబ్బుల్ని చూస్తున్నాను.

ఆ రోజు పేజీలో ఆమె వచ్చిన వేళ లేదు.
వెళ్ళిన వేళ మాత్రం నా చేత్తో రాసుంది,
రాత్రి తొమ్మిదీ పది.
ఆడిట్ వాళ్ళు అడుగుతారేమో, అడగనీ.

తెల్లారి ఇంకో కుర్రాడు.
ఇస్త్రీ చొక్కా, కవర్లో ఉత్తరం,
వేళ్ళు పెన్ను దారాన్ని మెలిపెడుతున్నాయి.
నాలుగు నిమిషాల్లో వెనక్కొచ్చాడు.
గడి నింపబోయి ఆగి,
టీ తాగుతావా, అన్నాను.