తెల్లటి అవక్షేపం

మూడు సీసాలు.
మూతి దాకా నింపాలి, గాలిబుడగ మిగలకూడదు.
"బుడగ చిక్కిందా, లెక్క అబద్ధమాడుద్ది"
అన్నారు కనకవల్లి మేడం.

ఒకటి లాకుల దగ్గర,
వశిష్ఠ నీళ్ళు పారే పంటకాలువలో.
రెండోది ఊడ్పులైన చేల కింద మురుగుబోదెలో.
మూడోది ఎక్కడ ముంచావని
ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

రాజోలు కాలేజీ లాబ్‌లో
ఏసుపాదం అన్న పిపెట్టు కడిగిచ్చాడు.
మాంగనస్ సల్ఫేటు, ఆ వెనకే క్షారపు అయొడైడు.
మూత బిగించి సీసా తలకిందులు చేస్తే
నీళ్ళలో ఊపిరుంటే
గోధుమరంగు మబ్బు కిందికి దిగుతుంది.

లాకుల సీసాలో దిగింది
కొత్తబెల్లం పాకంలా చిక్కగా.
బోదె సీసాలో
పాకహోటల్లో ఆఖరి టీలా పల్చగా.
మూడోది
తెల్లగా.

తెలుపంటే మా లంకల్లో మంచిమాటే,
కొబ్బరిపాలు, దంపిన బియ్యం, జొన్నాడ పూతరేకు లోపలి పొర.
లేమికి కూడా అదే రంగని
ఆ పూట తెలిసింది.

"దానికి టైట్రేషన్ అక్కర్లేదు,
సున్నా వేసుకో" అన్నారు మేడం.
పెన్సిల్తో వేసుకున్నాను.

నాన్న అయిదు దాటి చదవలేదు.
"డీవో" అన్న మాట మాత్రం
నాకు పుస్తకం కన్నా ముందు ఆయనే చెప్పాడు.
తెల్లారగట్ల కరెంటు పోతే
లుంగీ ఎగ్గట్టి గట్టుమీద పరుగు.
టార్చి వెలుగులో రొయ్యల కళ్ళు
నిప్పురవ్వల్లా వారకి చేరితే
"ఊపిరాడ్డం లేదే వాటికి" అంటూ
తనే రొప్పుతాడు.
డీజిలు పోసి ఇంజను తిప్పి
మూడెకరాల చెరువుకి గాలి కొంటాడు.

పట్టుబడి రోజు
అదే చెరువు నీళ్ళు తూములోంచి
ఇంగిలాయిల కోడులోకి వదుల్తాం.
కోడుకి ఇంజను లేదు.

మిగిలిన మేత, రొయ్య పెంట, అడుగు బురద.
విషమైతే ఎవరైనా భయపడేవారు.
ఇది ఎరువు.
నాచు పండగ చేసుకుంటుంది,
గుర్రపుడెక్క ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పూలు పరుస్తుంది.
చచ్చిన నాచుని కుళ్ళబెడుతూ
కంటికానని జీవులు
ఉన్న ఊపిరంతా తాగేస్తాయి.
తిండి ఎక్కువై చావడం.
మేం దీన్ని యూట్రోఫికేషన్ అని
అయిదు మార్కులకి రాస్తాం, బొమ్మతో.

మేడం బోర్డు మీద పిరమిడ్ గీశారు.
అడుగున నాచు, పైన నీటిపురుగు,
ఆ పైన పరిగె, ఇంగిలాయి,
కొసన కొంగ.
మెట్టుకి పదోవంతే పైకెళ్తుందట.
నాకు కొసన సంగాని పైడమ్మ కనపడింది,
మొలలోతు నీళ్ళలో, చంకలో మావు.
ఆమె పదోవంతు ఇప్పుడెటు పోయిందో
పాఠంలో లేదు.
మావు వాళ్ళ చూరుకింద ఉంది.
సాయంత్రాలు కోడిపిల్లల మీద బోర్లిస్తున్నారు.

రాత్రి నాన్న నా రికార్డు తిరగేశాడు.
అంకెలు చదవగలడు.
ఆరు పాయింటు ఎనిమిది. మూడు పాయింటు ఒకటి.
"ఈ సున్నా ఎక్కడిది?"
"మన తూము కింద."
చాలాసేపు గోడమీద బల్లిని చూశాడు.
"గాలిబుడగ చిక్కిందేమో."
"చిక్కితే ఎక్కువొస్తది నాన్నా. సున్నా రాదు."

అప్పుడే కరెంటు పోయింది.
గట్టుమీద పరుగు, ఇంజను దగ్గు,
చీకట్లో చక్రాలు నీళ్ళని చరుస్తున్న చప్పుడు.
తూము అవతల ఏ చప్పుడూ లేదు.

వచ్చి చేతుల నూనె గోనెకి తుడుచుకుంటూ
నావైపు చూడకుండానే అన్నాడు:
"మీ మేడాన్ని అడుగు,
ఆ నీళ్ళు వేరే గుంటలో ఎన్నాళ్ళు ఆపి వదిల్తే
బెల్లంరంగు తిరుగుద్దో."
గుమ్మం దాటుతూ తనలో తను,
"అరెకరం పోద్ది."

కొవ్వొత్తి వెలుగులో
పెన్సిలు సున్నా మీద
పెన్ను తిప్పాను.