అంగిలి

కత్తులకు పేరుమోసిన ఊరు షెఫీల్డ్.
నేను వాడే బ్లేడు మాత్రం జపాన్‌ది.
ఈ మాట మోయిరాకి నచ్చదు.
వాళ్ల తాత సాన పట్టేవాడట,
ఊపిరితిత్తుల నిండా రాతిపొడి నింపుకుని
నలభై మూడేళ్లకే పోయాడట.
చెప్పిన ప్రతిసారీ ఆమె టీ చల్లారిపోతుంది.

పొద్దున్నే మైనపు దిమ్మెల్ని
మంచుపలక మీద బోర్లిస్తాను.
ఒక్కో దిమ్మెలో ఒక్కో నోరు:
నాలుక అంచు, చిగురు, బుగ్గ లోపలి మెత్తన.
చక్రం తిప్పితే నాలుగు మైక్రాన్ల రిబ్బను.
పూతరేకు దీని పక్కన తలుపుచెక్క.
గోరువెచ్చని నీళ్లలో తేలి
ముడతలు విప్పుకుంటుంది.
గాజుపలకతో కిందనుంచి ఎత్తుకోవాలి,
ఊపిరి వదలకుండా.
కొత్తగా చేరిన కీరన్
బుధవారం తుమ్మి ఒకరి చిగురుని ఎగరగొట్టాడు.
దిమ్మెలో ఇంకాస్త మిగిలింది కనుక బతికిపోయాం.

దవడ ఎముక అలా కాదు.
చీమల ఆమ్లంలో రోజుల తరబడి నానాలి,
కోతకి ఒప్పుకునేదాకా.
ఈలోగా ఫోను మోగుతుంది.
పంటి బిగువున ఎదురుచూస్తున్న ఎవరో,
నాకు ఒట్టి బార్‌కోడు.
నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు;
ఈ గదిలో నోటిని అడిగే ప్రశ్నా అదే,
మంచిదా, కాదా.
ఎముక ఇంకా నానుతోంది, అని చెప్పిస్తాను.

ఈ శుక్రవారం
పాత పాఠాల పెట్టె సర్దుతుంటే
అడుగు వరుసలో ఒక పలక,
పసుపెక్కిన చీటీ, టైపు అక్షరాలు.
అంగిలి. స్త్రీ. యాభై ఎనిమిది.
చుట్ట తిరగేసి కాల్చే అలవాటు. విశాఖపట్నం.

అడ్డపొగ అని లేదు.
ఆ మాట నేను పైకి అన్నాను,
ఈ గదిలో మొదటిసారి తెలుగు.

నిప్పున్న కొస నోట్లోకా,
కీరన్ నమ్మలేదు. ఎందుకు?

ఏం చెప్పను.
రెండు చేతులూ చేపల గంపకే చాలవని,
తడిచేత్తో పట్టకుండా పెదాలే పట్టుకుంటాయని,
ఒక్క చుట్ట పొద్దుగూకేదాకా వస్తుందని.
చిన్నప్పుడు భీమిలి బస్టాపులో ఒకామె
నోరు విప్పితే లోపల ఎర్రగా వెలిగింది.
నిప్పు మింగే అమ్మోరనుకుని
పిన్ని కొంగు వెనక దాక్కున్నాను.

గాలికి ఆరిపోకుండా, అన్నాను.
కిటికీ అవతల వంగిపోతున్న చెట్లని చూసి
వాడు తలూపాడు. అంతవరకు అర్థమైంది.

లెన్సు కింద పెట్టాను.
పైన కెరటిన్, కాగిన పాలమీద మీగడలా మందంగా.
కింద గోధుమరంగు నలుసులు,
లోపలి సెగకి చర్మం పట్టుకున్న గొడుగు.
ఆ కింద పునాది పొర,
పొలం గట్టంత సన్నగా, గట్టంత నమ్మకంగా.
కుడివైపు రెండుచోట్ల
గట్టు తెగింది.
నేరేడుపండు తిన్న నాలుక రంగులో
కణాలు గుంపులుగా పల్లానికి దిగుతున్నాయి.

ఆమెకి చెప్పారో లేదో.
ఏ మాటల్లో చెప్పారో.
చెబుతున్నప్పుడు
నోట్లో చుట్ట ఉందో, తీసి చెవిన పెట్టుకుందో.

వెలిసిపోయినవి పారేద్దాం, అంది మోయిరా.
గులాబీ అంతా పోయింది నిజమే.
నేను దాన్ని జైలీన్‌లో దించాను.
పై అద్దం ఊడటానికి సోమవారం దాకా పడుతుంది.
తర్వాత మళ్లీ రంగులు వేస్తాను.
ఎందుకని మోయిరా అడగలేదు.
తాత గురించి నేనూ ఎప్పుడూ అడగలేదు.

ట్రామ్ స్టాపులో ఒకతను
అరచేతులు దొప్పచేసి సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు.
గాలి మూడుసార్లు ఆర్పింది.
నాలుక కొసతో
నా అంగిలిని తడుముకున్నాను.
తడిగా, వెచ్చగా,
ఇసుకమీద అల వదిలిన గీతల్లా
గరుకుగా.