ఎర్ర మూత డబ్బా

బల్లరాట్‌లో జూలై.
చెత్త లారీ అప్పుడే వీధి మలుపులో మూలుగుతోంది.
లేవాలి.
మంచానికీ తలుపుకీ మధ్య పదకొండు అడుగులు.
నిన్న లెక్కపెట్టాను, పడుకునే.

డాక్టరమ్మ అడిగింది,
రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా ఉందని.
దిగులా అంటే దిగులు కాదు.
దిగులుకి ఓ కారణముంటుంది, కాసిని కన్నీళ్ళుంటాయి.
ఇది, పోపు మాడుతున్నా వాసన తెలియకపోవడం.
షవర్ తిప్పి, ఎందుకు తిప్పానో మరిచి
నీళ్ళు చల్లబడేదాకా తువ్వాలు పట్టుకు నిలబడటం.

"నీకేం తక్కువే?" అంటుంది ఫోన్లో అక్క.
నిజమే. ఏమీ తక్కువ లేదు.
అదే, చెప్పలేకపోతున్నది.

పక్కింటి నోలీన్‌కి డెబ్బై ఆరేళ్ళు, ఒక మోకాలు అరువుది.
మూడు వారాలుగా నా ఎర్ర మూత డబ్బాని
తనే ఈడ్చుకెళ్ళి రోడ్డంచున పెడుతోంది.
ఖాళీది తెచ్చి గోడకి చేరేస్తోంది.
తలుపు కొట్టదు. ఏమైందని అడగదు.

ఇవాళ మంచుగడ్డి మీద చక్రాల గరగర విని
కిటికీ దాకా వెళ్ళాను.
ఏడడుగులు.
తెర తీయలేదు.
దాని అంచు వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాను,
ఆవిడ గేటు గడియ పడేదాకా.