చెక్కుబందీ

తంబుచెట్టి వీధిలో, మెట్ల కింద
నా బల్ల, నా టైపుమిషను.
హైకోర్టు ఎర్ర గుమ్మటాలు ఇక్కణ్ణించి కనపడవు.
నల్లకోట్లు మాత్రం పొద్దున్నే అటు పోతాయి,
సాయంత్రం నలిగి ఇటొస్తాయి.

ఇవాళో పాత దస్తావేజు వచ్చింది.
కక్షిదారు మార్వాడీ, వకీలు తమిళం,
కాగితం తెలుగు.
కాబట్టి నన్ను పిలిచారు.

"యీ యింటికి చెక్కుబందీ:
దక్షిణం, నూనెకొట్టు సందు.
పడమర, కంసాలి ముద్దయ్య గోడ.
ఉత్తరం, మంచినీళ్ళ బావి."
తూర్పు దగ్గర లేఖరి కలం ఆగినట్టుంది,
పెద్ద సిరా మరక.
ఆ పక్కన, "సముద్రపు హోరు."

వకీలు నవ్వాడు: హోరెక్కడి హద్దయ్యా?

బావి మీద ఇప్పుడు జెరాక్సు దుకాణం.
ముద్దయ్య గోడకి ఆనుకుని ఆరుగురు నోటరీలు.
సముద్రమా, హార్బరు రాళ్ళేసి
వెనక్కి నెట్టి వందేళ్ళు దాటింది.
కాగితం అడుగున అమ్మినావిడ ఆండాళమ్మ బొటనవేలు,
సాక్షులందరి సంతకాలకన్నా పెద్దది.

ఆరున్నరకి వీధిలో మిషన్లన్నీ ఆగాక
తూర్పుకేసి చెవి పెట్టాను.
లారీ.
ఇంకో లారీ.

అయినా ఉన్నదున్నట్టే కొట్టాను.
పేజీకి నలభై రూపాయలు.