గేటు పట్టుకున్న రోజు

ఓస్లా డాక్టరయిందని తెలిసిన మర్నాడు
పైయింటి బాబీ ముసలమ్మ మోకాలు చూపించుకోడానికొచ్చింది.
"ఆ డాక్టరు కాదమ్మా" అన్నాను.
"మరే డాక్టరు?" అంది, మేజోడు విప్పుతూనే.
నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు.

ఏడేళ్లు.
వంటింటి బల్ల మీద రొట్టెల డబ్బా,
దాని మీద లాప్‌టాప్,
దాని ముందు నా భార్య.
ఆఖరి ఫెర్రీ కట్టేసి, డీజిల్ చేతులు కడుక్కుని నేనొచ్చేసరికి
తెర వెలుగులో ఆమె మొహం
మంచు పట్టిన కిటికీ అద్దంలా ఉండేది.
పలకరిస్తే చెరిగిపోతుందేమోనని
సూపు నేనే వేడి చేసుకునేవాణ్ణి.

గైడు గారు ఎక్కడో నగరంలో.
ఏడేళ్లూ భుజాల దాకానే చూశాం.
ఆయనకు కాళ్లున్నాయో లేవో ఇప్పటికీ చెప్పలేను.
గాలికి లైను ఊగినప్పుడల్లా
మాట మధ్యలో నోరు తెరిచి బిగుసుకుపోయేవాడు.
ఓ చలికాలం సముద్రం అడుగున కేబుల్ తెగి
తొమ్మిది రోజులు దీవంతా మూగబోయింది.
ఆ తొమ్మిది రోజులూ కాయితం మీద రాసింది ఓస్లా.
పదో రోజు అంతా కొట్టేసింది.

విషయం చిన్న బడులు.
ఒకే గది, ఒకే టీచరు,
అయిదేళ్లవాడికి అక్షరాలూ పదకొండేళ్లదానికి భిన్నాలూ
ఒకే గంటలో ఎలా చెప్తారన్నది.
మొదలెట్టిన ఏడు మా బడిలో పదకొండు మంది.
రెండో అధ్యాయానికి ఎనిమిది.
చేపల కంపెనీ మూతపడ్డాక
రెండు కుటుంబాలు నా ఫెర్రీలోనే వెళ్లిపోయాయి,
పరుపులూ, పిల్లి బుట్టా, పిల్లల సైకిళ్లూ.
తాళ్లు విప్పింది నేనే.
ఇంటికొచ్చి చెప్పలేదు. ఆమెకు తెలుసు.
పట్టిక నాలుగులో అంకె దిద్దుతోంది అప్పటికే.

చివరికి మిగిలింది థొరా, లౌరీ,
ఎవరితోనూ మాట్లాడని ఎర్లెండ్.

వైవా రోజున ఆగ్నేయపు గాలి.
గొర్రెల దొడ్డి గేటుకి గడియ విరిగి ఏడాది,
రేపు చేస్తానంటూ నేనూ ఏడాది.
అది కొట్టుకుంటే ఇంట్లో తుపాకి పేలినట్టుంటుంది.
తాడు కట్టాను, తెగింది.
ఇక చేసేదేముంది,
పోయి పట్టుకు నిలబడ్డాను,
గంటా యాభై నిమిషాలు.
వాన పక్కనించి కొడుతోంది.
వీడికేమయిందన్నట్టు చూశాయి గొర్రెలు.
కిటికీలోంచి ఆమె వీపు, కదిలే చేతులు.
మాటలు లేవు.
ఒక్కసారి గాలి ఊపిరి బిగబట్టినప్పుడు
అద్దం సందులోంచి ఎవరో పెద్దమనిషి గొంతు:
చివరి ఏడాదికి ముగ్గురే పిల్లలు,
నమూనా మరీ చిన్నది కాదా?
ఓస్లా వెంటనే జవాబివ్వలేదు.
"నమూనా కాదండీ" అంది తర్వాత.
"ఉన్నవాళ్లే అంతమంది. అందరూ వాళ్లే."
మళ్లీ గాలి లేచింది.
నేను గేటుకి భుజం ఆనించాను.

సవరణలు కొంచెమే.
కామాలు, ఓ పట్టిక పేరు, ఎక్కడో తప్పిన సంవత్సరం.
వసంతంలో నా ఫెర్రీ మీదే పట్టా వచ్చింది,
వంచరాదని రాసిన బూడిదరంగు అట్టలో.
సంతకం పెట్టి తీసుకున్నాను.
అదే సంచిలో కౌన్సిల్ ఉత్తరం:
బడి తాత్కాలికంగా మూసివేత.
తాత్కాలికమంటే ఏమిటో
చేపల కంపెనీ మాకు ముందే నేర్పింది.

రెండూ చదివింది.
రెండూ విత్తనాల సొరుగులో పెట్టి
కోటు తొడుక్కుంది.
ఇంకా నాలుగు వారాలుందట,
ఎర్లెండ్‌కి భిన్నాలు మిగిలిపోయాయట.

బాబీ ముసలమ్మ కదల్లేదు,
మేజోడు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా.
ఓస్లా వచ్చింది, సంగతి విన్నది,
నవ్వుతుందనుకున్నాను.
కింద కూచుని ఆ మోకాలు రెండు చేతుల్లోకి తీసుకుని
"ఎప్పట్నించి?" అంది.
"మనవలు పడవెక్కిన ఏడు నించి."
"మెట్లెక్కితేనా, ఊరికే కూచున్నా నొప్పేనా?"
ముసలమ్మ చెప్తోంది.
ఓస్లా రాసుకుంటోంది.

నేను సూపు పొయ్యి మీద పెట్టాను, ముగ్గురికి.
గడియ ఇంకా బిగించలేదు.