నువ్వెవరు?

స్టాక్టన్ శివార్లో బురద పొలం,
ఆదివారం పొద్దున్న ఆరున్నర.
రొవీనా కారు డిక్కీ తెరిచి, పాత కర్టెను పరిచి,
నా వంతుకొచ్చిన నాలుగు జానల్లో సర్దుకున్నాను:
ఇస్త్రీపెట్టె, మూతలేని ఫ్లాస్కు,
ఒక్కసారే తొడిగి కరిచాయని వదిలేసిన బూట్లు.
చివర్న, తువాలు మీద బోర్లా, టాబ్లెట్.

బోర్లా ఎందుకంటే మొహం పగిలింది.
కుడివైపు అంచంతా సాలెగూడు.
ఆ మేర వేలు పెడితే పలకదు.
మిగతాది వెలుగుతుంది, దాని బుద్ధి పుట్టినప్పుడు.
వెలిగిన ప్రతిసారీ ఒకటే అడుగుతుంది:
నువ్వెవరు?

నేనే తల్లీ,
పదకొండు నైట్ డ్యూటీలు పోసి నిన్ను కొన్నదాన్ని.

మెయిలు చెప్పమంటుంది.
అది నర్సుల ఏజెన్సీ ఇచ్చిన మెయిలు. ఏజెన్సీయే ఎత్తిపోయింది.
సరే, మీ ఫోనుకి కోడు పంపాం అంటుంది.
ఎవరి ఫోనుకి? ఆ నంబరు వదిలేసి అయిదేళ్ళు.
ఇప్పుడది ఎవరి దిండు పక్కన ఉందో.
అర్ధరాత్రి ఒక్కసారి వెలిగి
ఆరంకెలు చూపించి ఆరిపోయి ఉంటుంది.
నా తలుపు తాళంచెవి తన చేతికొచ్చిందని తెలీక
ఆ మనిషి అటు తిరిగి పడుకుని ఉంటారు.

ఆఖరి దారి ఒక ప్రశ్న:
మీ మొదటి పెంపుడు జంతువు పేరు?

మేం దేన్నీ పెంచలేదు.
ఎలకలు వాటంతటవే పెరిగాయి.
అంటే ఆ రోజు ఏదో అబద్ధం రాశాను.
ఆడితే అతికినట్టుండాలంటారు కదా,
నాది ఎంత బాగా అతికిందో, గీకినా ఊడి రావడం లేదు.
టామీ కాదు. మోతీ కాదు.
పక్కింటివాళ్ళ గేదె పేరూ కాదు.
గంట ఆగి మళ్ళీ ప్రయత్నించండి.

పదింటికి వచ్చాడు కుర్రాడు,
చొక్కా జేబులో పెన్నుల్లా నాలుగు స్క్రూడ్రైవర్లు.
తిరగేసి చూసి, "లాక్ ఉందా?"
రొవీనా మోచేత్తో పొడిచింది, లేదనమని.
ఇరవై అయిదు అని మొదలుపెట్టాల్సిన నోరు
"ఉండొచ్చు. పోయుండొచ్చు. నాకే తెలీదు" అంది.

"మీదేనా?"
దొంగసొత్తా అని అడగడానికి మర్యాదగల దారి.
నాదేననడానికి సాక్ష్యం వెనకవైపు ఆ సొట్ట ఒక్కటే,
ఏడో వార్డులో మందుల ట్రాలీ చేసింది.
సొట్ట మీద బొటనవేలు పెట్టి చూపించాను.
సరిగ్గా పట్టింది. అతను నమ్మినట్టే ఉన్నాడు.

బ్యాటరీ పనికొస్తుందట, స్పీకర్లు పనికొస్తాయట,
మిగతాది చెత్తేనట. ఏడు పౌన్లు.
"లోపలున్నవి నీకు కనపడతాయా?"
రెండు చలికాలాల ఫొటోలు,
ఎవరికీ పంపని ఉత్తరం ఒకటి.
"ఎవరికీ కనపడవు. ఎప్పటికీ" అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టు.
అయిదు నోటు, రెండు బిళ్ళలు. ఒక బిళ్ళకి జామ్ అంటుకునుంది.

తిరిగొస్తుంటే, టీస్ వంతెన మీద,
ఎవరూ అడక్కుండా వచ్చింది పేరు.
వకుళా నేనూ అద్దెకున్న మొదటి గదిలో
రోజూ పొద్దున్నే స్నానాలతొట్టిలో ఒక సాలెపురుగు.
చంపలేక, గ్లాసుతో పట్టి కిటికీలోంచి దించేవాళ్ళం.
మర్నాటికి మళ్ళీ హాజరు.
హీటరు బాగుచేయించని ఇంటాయన పేరే పెట్టాం దానికి:
పెంబర్టన్.
రెంటిలో అద్దె అడగని పెంబర్టన్ అదొక్కటే.

గుర్తొచ్చి ఏం లాభం.
పెంబర్టన్‌కి మొదటి అక్షరం, ఇంగ్లీషు 'పి',
కీబోర్డులో కుడి చివర ఉంటుంది,
సరిగ్గా వేలికి పలకని చోట.

నాకే తెలీదు అన్నాను.
అన్నప్పుడు నిజమే.

సిగ్నల్ దగ్గర రొవీనా నా వైపు చూసి
"ఎందుకు నవ్వుతున్నావ్?" అంది.
"సాలెపురుగు" అన్నాను.
"ఎక్కడ?" అని కాళ్ళు పైకి లాక్కుంది.
పచ్చలైటు పడింది. వెనక కారు హారన్ కొడుతోంది.