కాలి

ముందు ఆ లైనింగు గుడ్డ నానబెట్టు, దమయంతీ.
కత్తెర మాట తర్వాత.
పిండకు. నీళ్లు కారుతుండగానే తీగ మీద వెయ్.
ఎందుకో చెబుతాను గానీ
చెప్పినంత మాత్రాన తెలిసిపోతుందనుకోకు.
నాకూ మా మేస్త్రి చెప్పాడు.
విన్నాను, తలూపాను, తడపకుండానే కోశాను.
ఒక్క ఉతుక్కి లోపలి గుడ్డ ముడుచుకుపోయి
బ్యాంకు గుమస్తా గారి భార్య పట్టు జాకెట్టు
నూనెలో పడ్డ వడియంలా పొంగింది.
ఆ పట్టు ఖరీదు మూడు నెలలు కట్టాను.

పాతబడితే టేపు సాగుతుంది.
ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు.
ఆ ఏడాది గుణుపురం ఆడవాళ్లంతా
అరంగుళం సన్నబడ్డారనుకున్నాను.
కొలిచేది టేపుతో, కోసేది ఇనప స్కేలుతో.
ఇచ్చిన ప్రతి జాకెట్టూ బిగుతని తిరిగొస్తే
రజొ పండక్కి పోడొపిఠాలు లాగించావు కదమ్మా
అని నవ్వాను, వాళ్ల మొహం మీదే.

పాతపట్నంలో రైలెక్కి
ఇక్కడ లైను చివర దిగిన కొత్త కోడల్ని.
ఒడియాలో నాకు వచ్చింది అంకెలొక్కటే.
కుంతలా నాయక్ గుమ్మంలో నిలబడి
కనుబొమ్మలెత్తి ఒకే మాట అడిగింది.
"కాలి?"
ఖాళీయేనా అంటోందనుకున్నాను.
ఖాళీయే, రండి అని కుర్చీ కూడా వేశాను.
కూర్చోలేదు. మూట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.
తెల్లారి పదింటికి రోడ్డు మీద పెళ్లి జీపు హారను.
లోపల నా బల్ల మీద
చేతులొక చోట, వీపొక చోట.
కాలి అంటే రేపట.

సరే, రేపు. నేర్చుకున్నాను.
ఏడాది పైగా నాకది రేపే.
తర్వాత ఒక బడిపంతులు
ప్యాంటు గుడ్డ కాలి ఇచ్చానంటాడు,
తెండి, తప్పకుండా కుడతానంటాను నేను.
ఇచ్చానంటాడు. తెమ్మంటాను.
పక్క పాన్ కొట్టు కుర్రాడొచ్చి విడదీశాడు మమ్మల్ని.
కాలి అంటే నిన్న కూడానట.
ఇచ్చాడా, ఇస్తాడా,
మాట తోక దాకా ఆగి వినాలి, తేదీ ఆ తోకలో ఉంటుంది.
అందుకే ఈ పుస్తకం. రాసి, వాళ్ల చేతే వేలు పెట్టించు.

మూడో కాలి మన తెలుగే.
గాలివానకి కరెంటు పోయింది.
ఇస్త్రీపెట్టె ఉన్నదున్నట్టే వదిలేసి,
స్విచ్చి ఆపకుండా, బోరింగుకి నీళ్లకెళ్లాను.
అక్కడ వరసలో మాటల్లో పడ్డాను.
కరెంటు నాకంటే ముందే ఇంటికొచ్చింది.

నెమలికంఠం రంగు జార్జెట్టు.
ఎవరిదనుకున్నావు? ఆ కుంతలదే.
ఆరేళ్లకి మనసొప్పి చెల్లెలి గుడ్డ తెచ్చిచ్చింది.
దాని నడుమ పడవ మూతిలా నల్లటి అచ్చు.
బల్ల మీద కూడా, ఇదిగో, చెయ్యి పెట్టి చూడు.
సాయంత్రం ఆమె వచ్చింది.
"కాలి..." అన్నాను.
పోయింది అన్న ముక్క గొంతులోంచి రాలేదు.
"హెలా" అంది.
సరే, రేపొస్తానని వెళ్లిపోయింది.

తెల్లారకముందే పర్లాకిమిడి బండెక్కాను.
నాలుగు కొట్లు తిరిగినా ఆ రంగు లేదు,
దగ్గర రంగు దొరికింది.
కుట్టి ఇస్తే, గుమ్మం దాకా పట్టుకెళ్లి
ఎండలో తిప్పి చూసింది.
ఏమీ అనలేదు. డబ్బులిచ్చింది.
మళ్లీ రాలేదు.

గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకొని నవ్వకు.
తెల్లగుడ్డకి పసుపు సుద్ద వాడకు.
అరువు పెట్టేవాళ్ల బట్ట ఆఖర్న కుట్టు,
అని చెబుతాను గానీ నేనే కుట్టను అలా.

రాత్రి షాపు మూసి రైల్వే గేటు దాకా వెళ్లి
వెనక్కొస్తాను. నువ్వు చూశావు, నవ్వావు కూడా.
తాళం తీసి చీకట్లో వేలితో తడిమితే
స్విచ్చి ఆపే ఉంటుంది.
పద్దెనిమిదేళ్లుగా ఆపే ఉంది.
మళ్లీ తాళం వేసుకుంటాను.

గుడ్డ తడిపావా?